బ్రిటన్ పోలీసు లైసెన్సుల బదిలీ: ఆ ఫార్వర్డులో నిజమెంత?

బ్రిటన్‌లోని తెలుగువాళ్ల గ్రూపుల్లో ఒక సందేశం చక్కర్లు కొడుతోంది. దాని సారాంశం ఇది: "ఇంగ్లండ్, వేల్స్ పోలీసుల సాఫ్ట్‌వేర్‌ను బ్లూలైట్ కమర్షియల్ అనే ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టారు. కేసుల వివరాలన్నీ ఇక దాని చేతుల్లోనే. పాత లైసెన్సులు చెల్లవు, 43 పోలీసు దళాలూ మళ్లీ డబ్బు పోసి కొనాల్సిందే. టెండరు పిలవలేదు కాబట్టి ఇదంతా చట్టవిరుద్ధం. కాంట్రాక్టు కంపెనీల్లో ఉన్న మనవాళ్ల వీసాలకు ముప్పు."

ఇందులో నిజం ఆవగింజంత ఉంది. అదీ రాసినవాళ్లు చూపిస్తున్న చోట లేదు.

ముందు ఎవరు ఎవరో చూద్దాం. 43 దళాల తరఫున కొన్ని సాఫ్ట్‌వేర్ ఒప్పందాలను కలిపి కుదుర్చుకోవడానికి 2012 ప్రాంతంలో పోలీస్ ఐసీటీ కంపెనీ ఏర్పడింది. తర్వాత అది పోలీస్ డిజిటల్ సర్వీస్ అని పేరు మార్చుకుంది. 2024 జూలైలో దాని ఉద్యోగులు ఇద్దరు లంచం, మోసం జరిగాయన్న అనుమానం మీద అరెస్టయ్యారు. ఆ వార్తతో సంస్థ పేరుకు మచ్చ పడింది. ఆ సంస్థ పేరు మీదున్న ఒప్పందాలు, పోలీసు కొనుగోళ్ల కోసం 2020లో మొదలైన బ్లూలైట్ కమర్షియల్ పేరు మీదికి మారడం గురించే ఈ రాద్ధాంతమంతా.

"ప్రైవేటు కంపెనీకి కట్టబెట్టారు."

రూపంలో బ్లూలైట్ కమర్షియల్ కంపెనీయే, కాదనను. కానీ అందులో వాటాదారులు లేరు, లాభాలు పంచుకునేవారు లేరు. సభ్యులుగా ఉన్నది ప్రజలు ఓట్లేసి ఎన్నుకున్న పోలీసు కమిషనర్లు. పోలీస్ ఐసీటీ కంపెనీని నడిపించిందీ ఆ కమిషనర్లే. ఇది ప్రైవేటీకరణ అయితే అది 2012లోనే అయిపోయింది. అప్పుడు ఈ ఫార్వర్డు రాసినవారు ఏం చేస్తున్నారో మరి.

"కేసుల వివరాలన్నీ దాని చేతుల్లోనే."

లైసెన్సు ఒప్పందంలో ఉండేవి ధర, వాడేవారి సంఖ్య, గడువు, మద్దతు సేవల షరతులు. ఎఫ్‌ఐఆర్‌లాంటి నేర నమోదులు, సాక్షుల వాంగ్మూలాలు అందులో ఉండవు. అవి ఆయా దళాల వ్యవస్థల్లో ఉంటాయి. 2018 డేటా రక్షణ చట్టం మూడో భాగం ప్రకారం వాటికి జవాబుదారీ ఆ దళానికి అధిపతి అయిన చీఫ్ కానిస్టేబుల్. ఆ సమాచారాన్ని ఏ కంపెనీ అయినా తాకాలంటే ఆ దళంతో విడిగా రాతపూర్వక షరతులు ఉండి తీరాలి. కొనుగోలు సంస్థ పేరు మారితే ఆ బాధ్యత మారదు.

పోలీసు సమాచారానికి నిజంగా దెబ్బ తగిలిన ఒక సందర్భాన్ని చూడండి. 2021 జనవరిలో దళాలన్నీ వాడుకునే జాతీయ నేర రికార్డుల వ్యవస్థ పోలీస్ నేషనల్ కంప్యూటర్ నుంచి లక్షల్లో రికార్డులు పొరపాటున చెరిగిపోయాయి. కారణం పాత రికార్డులను తొలగించే ప్రోగ్రాములో దొర్లిన కోడింగ్ లోపం. కొనుగోలు కాగితం మీద ఎవరు సంతకం పెట్టారన్నదానికీ దానికీ ఏ సంబంధమూ లేదు.

"పాత లైసెన్సులు చెల్లవు, మళ్లీ కొనాలి."

ఆ ఆవగింజ ఉన్నది ఇక్కడే. అందుకే కొంచెం నింపాదిగా చెప్పాలి.

ఇంగ్లండ్ చట్టంలో ఒప్పందం వల్ల వచ్చే హక్కులను మరొకరికి రాసివ్వవచ్చు, బాధ్యతలను మాత్రం అవతలి పక్షం ఒప్పుకోకుండా బదిలీ చేయలేరు. కాబట్టి పాత సంస్థ, కొత్త సంస్థ, సాఫ్ట్‌వేర్ కంపెనీ ముగ్గురూ కలిసి సంతకాలు పెట్టాలి. దీన్ని నోవేషన్ అంటారు. ఫలానా తేదీ నుంచి ఒప్పందంలో పాత పేరు తీసి కొత్త పేరు చదువుకోవాలి, అంతకు ముందటి బకాయిలు పాత సంస్థవి, తర్వాతివి కొత్త సంస్థవి అన్నది దాని సారం. లైసెన్సు కొనసాగుతూనే ఉంటుంది. కరెంటు మీటరు తండ్రి పేరు నుంచి కొడుకు పేరుకు మారిస్తే ఇంట్లో దీపాలు ఆరిపోవు కదా.

అయితే మీటరు విషయంలో విద్యుత్ సంస్థ ఊరికే కాదనడానికి వీల్లేదు. సాఫ్ట్‌వేర్ కంపెనీ కాదనగలదు. లేదా 'సరే, సంతకం పెడతాం, కానీ వచ్చే ఏడాది ధర గురించి ఇప్పుడే మాట్లాడుకుందాం' అనగలదు. బేరం బలం అటువైపు ఒరిగే క్షణం అది. గడువు దగ్గరపడిన లైసెన్సుల విషయంలో మరీను.

ఇది ఈ పోలీసు వ్యవస్థకు కొత్త అనుభవం కూడా కాదు, కాకపోతే పాత బదిలీలు వేరే దారిలో జరిగాయి. పోలీసుల కంప్యూటర్ వ్యవహారాలు చూడడానికి 1998లో పీటో అనే ప్రభుత్వ సంస్థ వచ్చింది. 2007లో అది పోయి ఎన్‌పీఐఏ అనే మరో ప్రభుత్వ సంస్థ వచ్చింది. 2013లో దాన్నీ రద్దు చేశారు. 1974లో మొదలైన పోలీస్ నేషనల్ కంప్యూటర్ ఈ పేర్ల మార్పుల వల్ల ఆగిపోలేదు. ఆ సంస్థలను పుట్టించిందీ రద్దు చేసిందీ పార్లమెంటు చట్టాలే. చట్టమే బదిలీ చేస్తే అమ్మకందారును బతిమాలాల్సిన పని ఉండదు. మన దగ్గర 2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ కుదుర్చుకున్న ఒప్పందాలు ఏ రాష్ట్రానికి చెందుతాయో పునర్వ్యవస్థీకరణ చట్టమే తేల్చింది, గుర్తుందిగా. ఒక కంపెనీ నుంచి మరో కంపెనీకి మారేటప్పుడు అలాంటి అండ ఉండదు. ఒక్కో ఒప్పందాన్నీ తెరిచి చూసుకోవాల్సిందే.

తెరిచి చూస్తే ఏం కనిపిస్తుంది? పెద్ద సాఫ్ట్‌వేర్లను తయారీదారు నుంచి నేరుగా కొనడం తక్కువ, మధ్యలో ఒక పునర్విక్రేత ఉంటాడు. అంటే కాగితాలు రెండు: పునర్విక్రేతతో కొనుగోలు ఒప్పందం ఒకటి, తయారీదారు వాడకపు షరతులు మరొకటి. మొదటిదాని మీద మాత్రమే పేరు మార్చి సంబరపడితే రెండోదానిలో హక్కుదారు పాత సంస్థగానే మిగిలిపోతుంది. ఆ తర్వాత 'వినియోగదారు' అనే మాటకు ఇచ్చిన నిర్వచనం. దళంలో జీతం తీసుకునే అధికారులు మాత్రమేనా, జీతం లేకుండా పనిచేసే స్పెషల్ కానిస్టేబుళ్లు కూడానా? అనేక దళాల నుంచి డిప్యుటేషన్ మీద వచ్చినవారితో నడిచే ప్రాంతీయ వ్యవస్థీకృత నేర విభాగాల్లో ఉన్నవారిని ఎవరి లెక్కలో వేయాలి? పాత పేరు కింద చూసీచూడనట్టు పోయినవి కొత్త కాగితం రాసుకునేటప్పుడు బయటికి వస్తాయి, బిల్లులోకీ వస్తాయి. అదనపు ఖర్చంటూ ఉంటే ఈ సందుల్లోంచే పడుతుంది. 43 దళాలూ గుండుగుత్తగా మళ్లీ కొనుక్కోవడమన్నది మాత్రం ఉత్త కల్పన.

"టెండరు లేదు కాబట్టి చట్టవిరుద్ధం."

టెండరు నిబంధనలు ఉన్నది ముఖ్యంగా అమ్మేవారి మధ్య పోటీ న్యాయంగా జరగడానికి. ఇక్కడ అమ్మేవారు మారడం లేదు, కొనేవారి పేరు మారుతోంది. సరుకు అదే, ధర అదే, గడువు అదే అయితే కొత్తగా టెండరు పిలవడానికి ఏముంది?

బదిలీ మాటున ఒప్పందాన్ని ఉబ్బించారా అన్నది మాత్రం అడగాల్సిన ప్రశ్నే. 2025 ఫిబ్రవరి 24న ప్రభుత్వ కొనుగోళ్ల కొత్త చట్టం అమల్లోకి వచ్చినా, అంతకు ముందు మొదలైన ఒప్పందాలకు 2015 నిబంధనలే వర్తిస్తాయి. వాటిలో 72వ నిబంధన ప్రకారం చిన్న మార్పు అనిపించుకోవాలంటే, వస్తువులు, సేవల విషయంలో పెరుగుదల మొదటి విలువలో 10 శాతం దాటకూడదు. ముందుగా ఊహించలేని పరిస్థితుల వంటి కొన్ని కారణాలు చూపితే 50 శాతం దాకా వెసులుబాటు ఉంది. ఈ అంకెలను దాటిన ఒప్పందం ఏదైనా ఉంటే దాన్ని పేరు పెట్టి చూపించమనండి, నేనూ గొంతు కలుపుతాను. ఆ ఫార్వర్డులో ఒక్క ఒప్పందం పేరు కూడా లేదు.

"మనవాళ్ల వీసాలకు ముప్పు."

గ్రూపుల్లో ఎక్కువమందిని కలవరపెట్టిన వాక్యం ఇదే, అన్నిటికంటే తేలికగా తేలిపోయేదీ ఇదే. స్కిల్డ్ వర్కర్ వీసాకు స్పాన్సరు మీకు జీతమిచ్చే యజమాని. ఆ యజమాని బిల్లు పంపే చిరునామా మారితే మీ స్పాన్సరు మారరు. పోలీసు వ్యవస్థల్లో పనిచేసే బయటి సిబ్బందికి ఎన్‌పీపీవీ అనే భద్రతా తనిఖీ ఉంటుంది. దాన్ని చేసేది పోలీసు దళాల తనిఖీ విభాగాలు, కొనుగోలు సంస్థ కాదు. మీకున్న అనుమతి ఏ దళం ఇచ్చింది, ఎప్పటివరకు చెల్లుతుంది, ఏ కాంట్రాక్టు పని కోసం ఇచ్చారు అన్నవి మీ కంపెనీలో ఆ ఫైలు చూసేవారి దగ్గర ఉంటాయి. ఆ మూడో అంశంలో పాత సంస్థ పేరు ఉంటే మార్చాల్సిన అవసరం ఉందో లేదో ఒక ఈమెయిలు పెట్టి అడగండి. అంతకు మించి మీరు చేయాల్సింది ఏమీ లేదు.