‘సెట్టవుతుంది’ గారికి ఒక బహిరంగ లేఖ

రాణీగంజ్, జుమ్మేరాత్ బజార్ తదితర పుణ్యక్షేత్రాలలో కొలువైన శ్రీ ‘సెట్టవుతుంది’ గారి సముఖానికి,

నమస్కారాలు. మీరు బండి విడిభాగాలు అమ్మేవాళ్ల నోటి మాటే అయినా ‘గారు’ అనక తప్పడం లేదు. గత నాలుగు నెలల్లో నా జేబులోంచి అంత డబ్బు తీసుకున్న పెద్దమనిషి మరొకరు లేరు.

మా నాన్నగారు 1990లో కొన్న టాటామొబైల్ 206 పికప్ ఇంకా మా ఇంటి ముందే ఉంది. ఆ మోడల్ మార్కెట్లోకి వచ్చింది 1988లో. ఇన్నేళ్లు హైదరాబాద్ ఎండలు తిన్న స్టీరింగ్ చక్రం మొన్న మే నెలలో అంచు పొడవునా పగిలింది. లోపల ఇనుప చువ్వ, పైన గట్టి ప్లాస్టిక్. వేడికి రెండూ ఒకేలా సాగవు. చివరికి పైదే ఓడిపోయింది. బోయినపల్లి మలుపులో ఆ పగులులో అరచేతి చర్మం ఇరుక్కుని నాకు పట్టపగలే చుక్కలు కనబడ్డాయి. కొత్త చక్రం వేయించడం ఎంతలో పని అనుకున్నాను. అక్కడే మీ పరిచయభాగ్యం కలిగింది.

రాణీగంజ్‌లో మొదటి దుకాణం. నేను బండి పేరు పూర్తిగా చెప్పకముందే కౌంటర్ వెనక నుంచి మీరు పలికారు: “సుమోది ఉంది సార్, సెట్టవుతుంది.” మీ మాటలో కొంత న్యాయం లేకపోలేదు. 1991లో వచ్చిన సియెర్రా, 1994లో వచ్చిన సుమో ఈ పికప్ పునాది మీదే పుట్టాయి. అన్నదమ్ములే, కాదనను. కానీ అన్నదమ్ములైనంత మాత్రాన ఒకరి కట్టుడు పళ్లు మరొకరికి సరిపోతాయా?

అసలు గొడవంతా పళ్లదే. స్టీరింగ్ షాఫ్టు కొసన చుట్టూ సన్నని పళ్లు ఉంటాయి. చక్రం నడిమి రంధ్రంలో వాటికి సరిపడే గాడులు ఉంటాయి. పళ్ల సంఖ్య, షాఫ్టు లావు, కొస సన్నబడే వాలు, మూడూ కలవాలి. మీరిచ్చిన చక్రం లోపలికి దిగింది, తిరిగింది కూడా. కానీ రెండు చేతులతో పట్టుకుని ఊపితే వెంట్రుకవాసి కదిలింది. “నట్టు బిగిస్తే సెట్టవుతుంది” అన్నారు. నాలుగు రోజుల్లో సర్దుకోవడానికి అదేమైనా కొత్త కాపురమా? వదులుగా కూర్చున్న పళ్లు ఏదో ఒకనాడు అరిగి తెగిపోతాయి. అప్పుడు చక్రం ఒక్కటే తిరుగుతుంది, బండి తన దారిన తాను పోతుంది.

ఇక లాభం లేదని పళ్లు నేనే లెక్కపెట్టాను. టార్చి నోట కరుచుకుని మొదటిసారి లెక్కిస్తే ఒక అంకె, రెండోసారి దానికి ఒకటి ఎక్కువ. మూడోసారి మా అమ్మాయి గోళ్లరంగు తెచ్చి, మొదలుపెట్టిన పన్నుకు బొట్టు పెడితే గాని లెక్క తేలలేదు. ఆ అంకె కాగితం మీద రాసుకుని బజారుకు వెళితే, మీ భక్తులు ఆ కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూసి, దాని మీదే టీ గ్లాసు పెట్టారు.

అమెరికాలో 1970ల నాటి చెవర్లే పికప్‌కు చక్రం కావాలంటే షాఫ్టుకు 36 పళ్లని ముందే తెలుసుకుని వెతుకుతారు. 36 అంటే మనకూ పరిచయమే. పెళ్లి పొంతనలో గుణాలు 36, అందులో 18 కలిస్తే చాలంటారు పంతులుగారు. షాఫ్టుకు అంత దయ లేదు.

గురువారం పూట పురానాపూల్ దగ్గరి జుమ్మేరాత్ బజార్‌లో, విరిగిన ఫ్యాన్ రెక్కల పక్కన దుప్పటి మీద కూడా మిమ్మల్నే కలిశాను. ఆ చక్రం ఏ బండిదో అమ్మేవాడికీ తెలియదు. అయినా మీరు హామీ ఇచ్చారు, నేను కొన్నాను. (నన్ను నేను తిట్టుకోవలసినంత తిట్టుకున్నాను, మీరు ప్రత్యేకంగా శ్రమపడనక్కరలేదు.)

మూడోది రేసు కార్ల రకం. షాఫ్టుకీ చక్రానికీ మధ్య ‘బాస్ కిట్’ అనే పెళ్లిళ్ల పేరయ్య ఉంటాడు. ఈ చక్రాలలో కొన్నింటికి ఆరు బోల్టులు 70 మిల్లీమీటర్ల వలయం మీద, కొన్నింటికి 74 మీద ఉంటాయి. నా కిట్టుది 70, చక్రానిది 74. “డ్రిల్లు వేస్తే సెట్టవుతుంది.” పైగా మా పాత చక్రం అడ్డంగా 40 సెంటీమీటర్లు, ఇది 35. పవర్ స్టీరింగ్ లేని బండికి ఆ అయిదు సెంటీమీటర్లు పోతే భుజాలు ఏడింట ఒక వంతు ఎక్కువ కష్టపడాలి. బహదూర్‌పురాలోని సుధా కార్ల మ్యూజియంలో షూ ఆకారంలో, క్రికెట్ బంతి ఆకారంలో కార్లున్నాయి. బూటుకు కూడా స్టీరింగ్ దొరికిన ఊళ్లో నా బండికి దొరకలేదు.

చివరికి ఆటోనగర్‌లో ఒక లేతు పనివాడు మీ పేరెత్తలేదు. వెర్నియర్ తీసి కొలిచి, “కాదు” అన్నాడు. నాలుగు నెలల్లో ఆ మాట వినడం అదే మొదలు, కాళ్లకు దండం పెట్టాలనిపించింది. “మీ పాతదాని నడిమి భాగం నిక్షేపంగా ఉంది, పగిలింది పై తొడుగే” అని కూడా అన్నాడు. పగుళ్లు చెక్కి, ఎంసీల్ ముద్ద నింపి, గరుకు కాగితంతో రుద్ది, పైన తోలు కుట్టించాను. మీ దగ్గర కొన్న మూడింటిలో ఒకదానితో మా మనవడు మేడ మీద బస్సు నడుపుతున్నాడు.

ఒక్క చిక్కు మిగిలింది. చక్రం ఊడదీసేటప్పుడు షాఫ్టు మీద గుర్తు పెట్టడం మా వీధి మెకానిక్ మరిచిపోయాడు. ఒక్క పన్ను అటు కూర్చుంది. బండి తిన్నగా పోతుంటే చక్రం ఎడమకు ఒరిగి ఉంటుంది. మళ్లీ విప్పమంటే అతను నవ్వి, “అలవాటవుతుంది సార్” అన్నాడు.

ఈ ‘అలవాటవుతుంది’ గారు మీ చెల్లెలని విన్నాను. చిరునామా తెలియజేస్తే ఆవిడకూ ఒక ఉత్తరం రాసుకుంటాను.

ఇట్లు,
మీ పాత ఖాతాదారుడు