వాళ్లకూ ఒక చీటీ రాయండి

“ముందు ఆయన్ని తీసుకురండి, అప్పుడు చూద్దాం.” ఇంట్లో ఒకరి తాగుడుతో నలిగిపోయి, ధైర్యం కూడగట్టుకుని ఆస్పత్రి దాకా వచ్చిన మనిషికి ఎక్కువసార్లు దక్కే జవాబు ఇదే. ఆయన రాడు. వచ్చేవాడే అయితే ఆమె ఒంటరిగా ఎందుకొస్తుంది? తాగుడుకు బానిసైనవాళ్లలో వైద్యం దాకా వచ్చేది కొద్దిమందేనని ఆ మాట అన్న డాక్టరుకూ తెలుసు, పక్కన నిలబడ్డ నర్సుకూ తెలుసు. తెలిసి కూడా పంపించేస్తున్నారు. దీన్ని ఇంకా మామూలు విషయంగా చూస్తూ కూర్చోవడం మాకు చేతకాదు.

మద్యపాన రుగ్మతలతో బతుకుతున్నవాళ్లు 2019లో ప్రపంచం మొత్తం మీద 40 కోట్ల మంది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2024లో లెక్క చెప్పింది. ఆ ఒక్క ఏడాదే మద్యం వల్ల 26 లక్షల మంది చనిపోయారు. ఈ అంకెలు అందరూ చదివినవే. ఆ 40 కోట్ల మందిలో అత్యధికులకు ఓ ఇల్లుంటుంది. ఆ ఇంట్లో భార్యో, భర్తో, తల్లో, పిల్లలో ఉంటారు. వాళ్లను లెక్కపెట్టే రిజిస్టరు ఏ ఆస్పత్రిలో ఉంది?

వాళ్లు ఆస్పత్రికి రారనుకుంటే పొరపాటు. వస్తూనే ఉంటారు. తలనొప్పి అంటూ, నిద్ర పట్టడం లేదంటూ, కడుపులో మంట అంటూ, గుండె దడ అంటూ వస్తారు. బీపీ చూస్తారు, రక్తపరీక్ష రాస్తారు, ఏమీ తేలకపోతే నిద్రమాత్ర ఇచ్చి పంపుతారు. మళ్లీ వస్తే మాత్ర డోసు పెంచుతారు. “ఇంట్లో ఎవరి తాగుడుతోనైనా ఇబ్బంది పడుతున్నారా?” అన్న ఒక్క ప్రశ్న మాత్రం రాదు. అడగకపోతే ఆ మనిషి తనంతట తాను చెప్పడం కష్టం. పరువు పోతుందన్న భయం, చెప్పినా తననే తప్పుపడతారన్న అనుమానం, ఇంట్లో తెలిస్తే ఏమవుతుందోనన్న టెన్షన్ ఆ నోటిని నొక్కేస్తాయి.

మాకు కోపం తెప్పిస్తున్నది ఈ ద్వంద్వ నీతే. అవసరం పడినప్పుడు ఆస్పత్రులు ఇంటివాళ్లను ఎంతగా వాడుకుంటాయో చూడండి. ఎంత తాగుతాడో చెప్పాల్సింది వాళ్లే. వార్డులో రాత్రంతా కాపలా కాయాల్సింది వాళ్లే. డిశ్చార్జి రోజున “జాగ్రత్తగా చూసుకోండి, మళ్లీ తాగనివ్వకండి” అని అప్పగించేదీ వాళ్లకే. మళ్లీ తాగితే చీవాట్లు తినేదీ వాళ్లే. ప్రపంచ ఆరోగ్య సంస్థ తయారు చేయించిన ఆడిట్ అనే పది ప్రశ్నల పరీక్షనే తీసుకోండి. మీ తాగుడు గురించి బంధువో, స్నేహితుడో, వైద్య సిబ్బందో ఎప్పుడైనా ఆందోళన పడ్డారా అన్నది అందులో పదో ప్రశ్న. అంటే ఇంట్లోవాళ్ల ఆందోళన రోగికి మార్కులు వేయడానికి పనికొస్తుంది. ఆ ఆందోళన మోస్తున్న మనిషికి మాత్రం కుర్చీ వేసి కూర్చోబెట్టేవాళ్లు ఉండరు. చాకిరీకి కుటుంబం కావాలి, చికిత్సకు అక్కర్లేదు. ఇదెక్కడి న్యాయం?

ఓపీలో ఒక్కో మనిషికి దొరికేది కొన్ని నిమిషాలేననీ, రోగి అనుమతి లేకుండా అతని విషయాలు ఇంకొకరితో మాట్లాడకూడదనీ డాక్టర్లు అంటారు. రెండూ నిజాలే. కానీ రెండూ ఇక్కడ అడ్డం రావు. గోప్యత నియమం ఆపేది రోగి సంగతులు బయటికి చెప్పడాన్ని మాత్రమే. ఎదురుగా కూర్చున్న భార్య చెప్పే బాధ వినడాన్ని ఏ నియమమూ ఆపదు. ఆమె నిద్ర గురించి, ఆమె భయం గురించి అడగడానికి భర్త సంతకం ఎందుకు? ఇక టైమ్ సంగతి. బ్రిటన్‌లో ప్రాథమిక వైద్య కేంద్రాల్లో ఇలాంటి కుటుంబ సభ్యులకు రెండు పద్ధతుల్లో సాయం చేసి పోల్చిన అధ్యయనం 2009లో వచ్చింది. కొందరితో ఐదు విడతల దాకా మాట్లాడారు. మరికొందరితో ఒక్కసారి మాట్లాడి చేతిలో ఓ పుస్తకం పెట్టారు. రెండు వర్గాలవాళ్లూ కుదుటపడ్డారు, వాళ్ల మధ్య చెప్పుకోదగ్గ తేడా కనపడలేదు. ఒక్కసారి సరిగ్గా మాట్లాడినా ఫలితం ఉంటుందని తేలాక కూడా టైమ్ లేదంటే ఎలా ఒప్పుకుంటాం?

ఆ పద్ధతిని ఐదు మెట్ల విధానం అంటారు. అందులో బ్రహ్మవిద్య ఏమీ లేదు. ముందు వినాలి. “ఇన్నాళ్లూ ఎందుకు ఊరుకున్నారు?”, “మీరే అలవాటు చేశారేమో” లాంటి మాటలు మింగేసి వినాలి. చాలామందికి ఇల్లు దాటి ఈ సంగతి మాట్లాడటం జీవితంలో అదే మొదటిసారి అవుతుంది. ఆ మొదటిసారే తీర్పు ఎదురైతే రెండోసారి నోరు విప్పరు. తర్వాత తాగుడు గురించి అవసరమైనంత సమాచారం ఇవ్వాలి. ఇప్పటిదాకా ఎలా నెట్టుకొస్తున్నారో కనుక్కోవాలి. అరవడం, సీసాలు దాచడం, అప్పులు తీర్చడం, ఆఫీసుకు ఫోన్ చేసి ఒంట్లో బాగోలేదని అబద్ధం చెప్పడం, దేనికీ పలక్కుండా దూరంగా ఉండిపోవడం. వీటిలో ఏది చేసినా ఇంటివాళ్లు చెడ్డవాళ్లు కారు, పిచ్చివాళ్లు కారు. దిక్కుతోచక చేసే పనులివి. ఏది చేస్తే తమకు ఎంత నష్టం, ఎంత మేలు అన్నది వాళ్లతోనే కలిసి తూచి చూడాలి. వాళ్లకు అండగా నిలిచే మనుషులు ఎవరున్నారో చూడాలి. చివరిగా ఇంకా ఏం సాయం కావాలో అడిగి దారి చూపాలి. తాగేవాళ్ల ఇంటివాళ్లు కలిసి ఒకరికొకరు అండగా నిలిచే, 1951లో మొదలైన అల్-అనాన్ లాంటి కుటుంబ బృందాల చిరునామా చీటీ మీద రాసివ్వడానికి ఎంతసేపు పడుతుంది?

సమాచారం అంటే గోడమీద పోస్టరు కాదు. ప్రాణం మీదికి తెచ్చే విషయాలు కొన్నున్నాయి. రోజూ విపరీతంగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే కొన్ని గంటల నుంచి రెండు రోజుల లోపు ఫిట్స్ రావచ్చు. రెండు మూడు రోజులకు ఒళ్లంతా వణుకు, జ్వరం, లేనివి కనపడటం, మతి తప్పడం మొదలైతే అది ఎమర్జెన్సీ. దాన్ని పట్టించుకోకపోతే మనిషి పోతాడు. ఈ సంగతి తెలియక “ఒట్టు వేయించుకుని, గదిలో పెట్టి మాన్పిద్దాం” అనుకునే ఇళ్లు ఎన్నో. వాళ్లకు ముందే చెప్పాల్సిన బాధ్యత ఎవరిది?

ఇంకా దారుణం ఇంకోటి ఉంది. ఆయనకు తెలియకుండా తినేదాంట్లో కలపండి అంటూ, తాగుడు మాన్పించడానికి వాడే డైసల్ఫిరామ్ మాత్రలు ఇంటివాళ్ల చేతిలో పెట్టడం. ఆ మాత్ర ఒంట్లో ఉండగా మద్యం తాగితే వాంతులు, గుండె దడ, బీపీ పడిపోవడం, ఒక్కోసారి మరణం కూడా. మాత్రలు ఆపేసిన తర్వాత రెండు వారాల దాకా ఆ ప్రమాదం ఉండొచ్చు. రోగికి పూర్తిగా తెలియకుండా ఎప్పుడూ ఇవ్వకూడదన్నది ఆ మందుతో వచ్చే మొదటి హెచ్చరిక. దాన్ని తోసిరాజని మాత్రలు ఇచ్చినవాళ్లు వైద్యం చేయడం లేదు. రేపు జరగరానిది జరిగితే ఆ నేరం మోయాల్సింది మాత్రలు కలిపిన ఆ అమ్మే. ఇక్కడా అదే తీరు: పనికి కుటుంబం, బాధ్యతకూ కుటుంబం, సాయానికి మాత్రం కాదు.

ఇంటివాళ్లను పట్టించుకుంటే తాగే మనిషికి ఒరిగేదేమిటని అడిగేవాళ్లకూ జవాబుంది. అసలు ఇంటివాళ్ల బాధే చాలు, వేరే కారణం అక్కర్లేదన్నది మా అభిప్రాయం. అయినా చూడండి. వైద్యానికి ఒప్పుకోని తాగుబోతుల కుటుంబాల్లోని 130 మందికి మూడు రకాలుగా శిక్షణ ఇచ్చి చూసిన అమెరికా అధ్యయనం 1999లో వచ్చింది. గొడవ లేకుండా మాట్లాడటం, తాగని పూట దగ్గర కావడం, తాగిన పూట దూరం జరగడం, తమ బతుకు తాము చక్కదిద్దుకోవడం నేర్పిన క్రాఫ్ట్ పద్ధతిలో 64 శాతం ఇళ్ల నుంచి తాగే మనిషి చికిత్సకు వచ్చాడు. అందరూ చుట్టూ చేరి నిలదీసే పద్ధతిలో 30 శాతం మందే వచ్చారు. అల్-అనాన్ బృందాల్లో చేరమని ఇంటివాళ్లను ప్రోత్సహించిన పద్ధతిలో 13 శాతం (ఆ బృందాల ఉద్దేశమే వేరు కాబట్టి ఇది వాటి తప్పు కాదు). ఆయన్ని ఆస్పత్రికి తెచ్చే దారి ఏదైనా ఉందంటే అది ఇంటివాళ్ల గుండానే వెళుతుంది. ఆ దారినే ఆస్పత్రులు మూసిపెట్టాయి.

కొట్టే ఇళ్ల సంగతి విడిగా చెప్పాలి. తాగే మనిషి పక్కనే ఉండగా “ఇంట్లో అంతా బాగుందా?” అని అడిగితే “బాగుంది” అనే వస్తుంది. విడిగా పిలిచి, తలుపు వేసి అడగాలి. ఈ రాత్రి ఇంటికెళ్లడం క్షేమమేనా అని అడగాలి. కాదంటే ఎక్కడికి వెళ్లాలో, ఎవరికి ఫోన్ చేయాలో చెప్పాలి. ఆమె చెప్పింది ఆయన చూసే కాగితం మీద రాయకూడదు. సర్దుకుపోమని చెప్పడం నర్సు పనీ కాదు, డాక్టరు పనీ కాదు.

పిల్లల్ని అడిగేవాళ్లయితే అసలు లేరు. చిన్ననాటి కష్టాలకూ పెద్దయ్యాక వచ్చే జబ్బులకూ ఉన్న సంబంధాన్ని చూపిస్తూ 1998లో అమెరికాలో వెలువడిన ప్రసిద్ధ అధ్యయనంలో, పాల్గొన్నవారిలో దాదాపు నాలుగింట ఒక వంతు మంది చిన్నప్పుడు తాగుడు సమస్య ఉన్నవాళ్లతో కలిసి బతికినవాళ్లే. వార్డు బయట బెంచీ మీద కూర్చున్న పిల్లాడికి “ఇందులో నీ తప్పేమీ లేదు” అని చెప్పే మనిషి కావాలి. ఆ మాట ఎవరూ చెప్పకపోవడం వల్లే, తానేదో చేసినందుకే నాన్నో అమ్మో తాగుతున్నారని వాడు ఏళ్ల తరబడి నమ్ముతాడు.

ఇది సిబ్బంది మంచితనానికి వదిలేసే విషయం కాదు. మద్యం చికిత్సపై బ్రిటన్‌లో వైద్యానికి ప్రమాణాలు సూచించే నైస్ సంస్థ 2011లో ఇచ్చిన మార్గదర్శకాల్లో కుటుంబ సభ్యుల అవసరాలు గుర్తించి సాయం అందించాలని స్పష్టంగా ఉంది. అంటే ఇది చేయగలిగిన పనే. ఆస్పత్రులు నడిపేవాళ్లను అడుగుతున్నాం: మీ కేస్ షీటులో అటెండెంట్ పేరుకు గడి ఉంది, ఫోన్ నంబరుకు గడి ఉంది, సంతకానికి గడి ఉంది, బిల్లు కట్టేవారి పేరుకూ గడి ఉంది. ఆ అటెండెంట్ ఎలా ఉన్నారో రాసే గడి ఎందుకు లేదు? దానికి కొత్త భవనం కట్టనక్కర్లేదు, మిషన్ కొననక్కర్లేదు. సిబ్బందికి ఒక రోజు శిక్షణ ఇచ్చి, తలుపు వేసుకోవడానికి ఒక గది కేటాయించి, వచ్చినవాళ్ల పేరు మీద ఓపీ చీటీ రాయడం మొదలుపెట్టండి. అది కూడా చేయలేకపోతే డిశ్చార్జి కాగితం మీద వాళ్ల సంతకం అడగడం మానేయండి.