అమ్మింది డీలరుకా, రైతుకా?

రెండు వారాలుగా గుంటూరు, విజయవాడ ఇన్వెస్టర్ల వాట్సాప్ గ్రూపుల్లో ఒకటే మెసేజ్ తిరుగుతోంది. పొలంలో మోటారును సెల్‌ఫోన్‌తో ఆన్, ఆఫ్ చేసే స్టార్టర్లు తయారుచేసే ఒక ఎస్ఎంఈ కంపెనీ, అంటే స్టాక్ ఎక్స్ఛేంజీలో చిన్న కంపెనీలకని విడిగా ఉన్న విభాగంలో షేర్లు నడిచే కంపెనీ గురించి. పేరు రాయను, షేరు కొన్నవాళ్లకు ఎలాగూ అర్థమవుతుంది. మెసేజ్ సారాంశం ఇదీ: "సేల్స్ పడిపోయాయన్నది పుకారు. రెవెన్యూ పెరిగింది, రిజల్ట్స్ చూసుకోండి. మిర్చి ధర పడిపోయి రైతు కొనలేకపోతున్నాడు, అంతే. కంపెనీ నడిపే ప్రమోటరే వారెంట్లు (ముందే అనుకున్న ధరకు తర్వాత షేర్లు తీసుకునే హక్కు) తీసుకుంటున్నాడు. 210 నుంచి 70కి దిగిన షేరు ఇంకెక్కడికి దిగుతుంది? ఇంకొన్ని కొని యావరేజ్ చేసుకోండి."

నా దగ్గరా ఆ షేర్లున్నాయి. అది పడితే నాకేమీ పండగ కాదు.

రెవెన్యూ పెరిగిన మాట నిజమే. కానీ అవే రిజల్ట్స్‌లో ఇంకాస్త కిందికి వెళ్తే ట్రేడ్ రిసీవబుల్స్ అని ఉంటుంది. అంటే డీలర్ల నుంచి రావాల్సిన బాకీ. అది రెవెన్యూ కంటే వేగంగా పెరిగింది. క్యాష్ ఫ్లో పట్టికలో వ్యాపారం నుంచి వచ్చిన డబ్బు మైనస్‌లో ఉంది. లాభం కాగితం మీదే ఉంది, డబ్బు మాత్రం ఇంకా రాలేదు. మిర్చి యార్డులో ఎవర్నడిగినా చెబుతారు, టిక్కీలు (మిర్చి బస్తాలు) కోల్డ్ స్టోరేజీకి చేరినంత మాత్రాన అమ్ముడైనట్టు కాదని.

మొన్న పట్నంబజార్ వైపు పనిమీద వెళ్లి, తెలిసిన మోటార్ల షాపులో కూర్చున్నాను. కౌంటర్ వెనక ఆ కంపెనీ అట్టపెట్టెలు నడుం ఎత్తున పేర్చి ఉన్నాయి. పైపెట్టె మీద టీ గ్లాసు గుండ్రటి మరక, దాని పక్కనే తయారీ నెల స్టిక్కరు. చూస్తే పదకొండు నెలల కిందటిది.

"ఇన్ని ఎందుకు ఎత్తావు బాబాయ్?"

"నేనెక్కడ ఎత్తాను అబ్బాయ్? మార్చి నెలాఖరున వాళ్లే పంపారు. అమ్ముడైతేనే డబ్బులివ్వు, లేకపోతే వెనక్కి తీసుకుంటాం అన్నారు. స్కీము కింద ఓ మిక్సీ కూడా ఇచ్చారు."

మార్చి నెలాఖరున. లెక్కల సంవత్సరం ముగిసేది అప్పుడే. వెనక్కి తీసుకుంటామని పంపిన సరుకును అమ్మకంగా రాసుకున్నారో లేదో ఆడిటర్ చూడాలి. నాకు తెలిసిందల్లా ఆ పెట్టెలింకా అక్కడే ఉన్నాయని. ఎందుకు కదలడం లేదనీ అడిగాను. ఆ స్టార్టరు 2జీ సిమ్ మీద నడుస్తుంది. జియోకి 2జీ లేదు, కొనడానికి వచ్చే రైతు చేతిలో ఉండేదేమో ఎక్కువగా ఆ సిమ్మే. వేరే సిమ్ కొని, ఒక్క మోటారు కోసం దానికి ప్రతిసారీ రీఛార్జ్ చేయించాలి. "4జీది వచ్చాక చెప్పు" అని వెళ్లిపోతున్నారట.

ఇది చిన్న కంపెనీల జబ్బే అనుకోనక్కర్లేదు. 2013లో బ్లాక్‌బెర్రీ జెడ్10 ఫోన్లు కంపెనీ నుంచి షాపులకు బాగానే వెళ్లాయనుకున్నారు. ఆ సెప్టెంబరులో అమ్ముడుపోని ఫోన్ల కింద దాదాపు 93 కోట్ల డాలర్లు నష్టం రాసుకోవాల్సి వచ్చింది.

ఇక మిర్చి సంగతి. ధర పడిన మాట అబద్ధమేమీ కాదు. 2025 ఫిబ్రవరిలో కేంద్రమే జోక్యం చేసుకుని క్వింటాకు 11,781 రూపాయలు ధర ప్రకటించాల్సి వచ్చింది. రైతు జేబు ఖాళీ అయింది, ఒప్పుకుంటాను. కానీ మెసేజ్ రాసినాయన మొదటి వాక్యంలో అమ్మకాలు పెరిగాయంటాడు, రెండు వాక్యాలు తిరక్కుండానే రైతు కొనలేదంటాడు. రెండూ ఒకేసారి నిజం కావాలంటే సరుకు కంపెనీకీ రైతుకీ మధ్యలో ఎక్కడో ఆగి ఉండాలి. ఎక్కడ ఆగిందో నేను కళ్లారా చూశాను.

వారెంట్ల గురించి ఎక్కువ చెప్పాల్సిన పనిలేదు. ప్రమోటర్ ముందు కట్టేది 25 శాతమే. మిగతా 75 శాతం కట్టడానికి 18 నెలల గడువుంటుంది. షేరు పడిపోతే ఆ పాతిక వదిలేసుకుని తప్పుకోవచ్చు. స్థలానికి అడ్వాన్సిచ్చి రిజిస్ట్రేషన్‌కు మొహం చాటేసినవాళ్లను అమరావతి చుట్టుపక్కల మనం చూడలేదా? మిగతా డబ్బు కట్టిన రోజున మాట్లాడుకుందాం.

"ఇంకెక్కడికి దిగుతుంది" అన్నదానికి జవాబు: 35కి. అలా దిగితే 70 దగ్గర యావరేజ్ చేసినవాడి కొత్త డబ్బులో సగం పోయినట్టే. పైగా ఎస్ఎంఈ షేరు కాబట్టి నాలుగు షేర్లు అమ్మి బయటపడదామంటే కుదరదు, లాట్ లెక్కన, అంటే ఇన్ని షేర్లని కట్టిన కట్టల లెక్కన అమ్మాలి. లోయర్ సర్క్యూట్ (ఒక్కరోజులో ధర దిగగల హద్దు) కొట్టిన రోజున కొనేవాడే ఉండడు. ఎస్ఎంఈ కంపెనీలు ఫలితాలు ఆరునెలలకోసారి ఇస్తే చాలు, అందుకని మధ్యలో షాపుల్లో ఏం జరుగుతోందో మనకు తెలిసేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది.

నిజానికి ఈ గొడవంతా ఒక్క అంకెతో తేలిపోతుంది. రైతు ఆ పెట్టెను మోటారుకు బిగించగానే యాప్‌లో రిజిస్టర్ చేయాలి. అంటే ఎన్ని పెట్టెలు పొలాల్లో నడుస్తున్నాయో కంపెనీ సర్వర్‌లో ఉండే ఉంటుంది. వాళ్ల ప్రకటనల్లో ఎప్పుడూ ఎన్ని పంపామన్నదే ఉంటుంది, ఎన్ని రిజిస్టర్ అయ్యాయన్నది ఒక్కసారీ కనిపించలేదు. ఆ అంకె ఇవ్వమని మెయిల్ పెట్టి పన్నెండు రోజులైంది. జవాబు వస్తే, అందులో నేను తప్పని తేలితే, మెసేజ్ తిరుగుతున్న గ్రూపుల్లోనే ఒప్పుకుంటాను.