మావో షిమాడా సీనియర్ సీజన్: ఆశ ఎక్కడ పెట్టుకోవాలి?

తిరుపతిలో మంచు రింకు లేదు. ఎండాకాలం పొద్దున ఎనిమిది దాటితే సిమెంటు రింకు మీదే నిలబడలేం. అయినా రోలర్ స్కేటింగ్ నేర్చుకునే పిల్లల ఇళ్లలో, వాళ్లను తెల్లవారుజామున రింకుకు తీసుకొచ్చే తల్లిదండ్రుల మాటల్లో, కొన్నాళ్లుగా ఒక జపాన్ ఫిగర్ స్కేటర్ అమ్మాయి పేరు వినబడుతోంది. జూనియర్ గ్రాండ్ ప్రీ పోటీలను అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ యూట్యూబ్‌లో ఉచితంగా ప్రసారం చేస్తుంది కాబట్టి, మావో షిమాడాను వీళ్లు మొదటి నుంచీ చూస్తూనే ఉన్నారు. 2023, 2024, 2025లలో వరుసగా ప్రపంచ జూనియర్ టైటిళ్లు గెలిచింది. గాల్లో మూడున్నర చుట్లు తిరిగే ట్రిపుల్ ఆక్సెల్ జంపు వేస్తుంది, నాలుగు చుట్ల టో లూప్ (నాలుగు చుట్ల జంపునే క్వాడ్ అంటారు) కూడా వేస్తుంది. 2026-27 సీజన్‌తో సీనియర్ వయసొచ్చింది. దాంతో ఇక్కడి అభిమానుల కోరిక కూడా పెద్దదైంది: తొలి సీజన్‌లోనే క్వాడ్, ట్రిపుల్ ఆక్సెల్ రెండూ వేసి స్వర్ణం తేవాలి.

ఆమె మీద నమ్మకం పెట్టుకోవడంలో తప్పేమీ లేదు. కానీ ఆ నమ్మకమంతా క్వాడ్ మీదే పెట్టడం సరికాదని ఈ వ్యాసం వాదన. ఈ సీజన్‌లో చూడాల్సింది ఫ్రీ ప్రోగ్రామ్ (పోటీలో షార్ట్ ప్రోగ్రామ్ తర్వాత వచ్చే పొడవైన భాగం) నాలుగో నిమిషాన్ని.

ముందుగా వయసు సంగతి. 2022 జూన్‌లో థాయిలాండ్‌లోని ఫుకెట్‌లో జరిగిన అంతర్జాతీయ స్కేటింగ్ యూనియన్ కాంగ్రెస్‌లో సీనియర్ కనీస వయసును 15 నుంచి దశలవారీగా పెంచారు. 2023-24లో 16, 2024-25 నుంచి 17. సీజన్ మొదలయ్యే జూలై 1కి ముందే ఆ వయసు నిండాలి. షిమాడా 2008 అక్టోబరు 30న పుట్టింది. అందుకే 2026 ఒలింపిక్స్ నాలుగు నెలల తేడాతో ఆమెకు దక్కలేదు. ఎవరి మీద అభిమానంతో ఆమెకు మావో అని పేరు పెట్టారో ఆ మావో అసాడాకూ అచ్చం ఇలాగే జరిగింది. 2005-06లో గ్రాండ్ ప్రీ ఫైనల్ గెలిచి కూడా, 87 రోజుల వయసు తక్కువై టొరినో ఒలింపిక్స్‌కు వెళ్లలేకపోయింది. 2010 వాంకూవర్‌లో ఒకే పోటీలో మూడు ట్రిపుల్ ఆక్సెల్‌లు వేసి రజతం తెచ్చుకుంది. షిమాడాకు వచ్చే ఒలింపిక్స్ 2030లో, ఫ్రెంచ్ ఆల్ప్స్‌లో. అప్పటికి ఆమెకు 21 ఏళ్లు. ఇంత సమయం ఉన్నప్పుడు మొదటి ఏడాదే ఉన్నదంతా ఒడ్డాల్సిన తొందర లేదు.

ఇక మార్కుల లెక్క. నిబంధనల్లో ఏటా వేసవిలో కొన్ని మారుతుంటాయి కాబట్టి 2025-26 పట్టికనే తీసుకుందాం. నాలుగు చుట్ల టో లూప్ మూల విలువ (జంపుకు ముందే ఖరారు చేసిన మార్కు) 9.50. మూడు చుట్ల మరో జంపు ట్రిపుల్ లట్జ్‌ది 5.90. జంపు నాణ్యతకు జడ్జిలు మైనస్ 5 నుంచి ప్లస్ 5 దాకా ఇస్తారు. రెండిటికీ ప్లస్ 2 ఇచ్చారనుకుంటే, ఒక్కో మెట్టుకు మూల విలువలో పది శాతం చొప్పున కలుస్తుంది. క్వాడ్ 11.40 అవుతుంది, లట్జ్ 7.08. అంటే కుదిరితే లాభం 4.32. చుట్లన్నీ పూర్తి చేసి పడిపోతే? మైనస్ 5తో సగం విలువ పోతుంది, పడినందుకు ఇంకో మార్కు. మిగిలేది 3.75. చుట్టు అర్ధం తగ్గి పడితే దాన్ని ట్రిపుల్‌గానే లెక్కిస్తారు. ట్రిపుల్ టో లూప్ విలువ 4.20లో సగం, మైనస్ ఒకటి, చేతికొచ్చేది 1.10. ఈ రెండో రకంగా పడే స్కేటర్ పదిసార్లలో ఆరుసార్లు క్వాడ్ నిలబెడితే తప్ప, లట్జ్‌తో సరిపెట్టుకున్న దానికి సమానం కాదు. పడ్డాక ఊపిరి, ధైర్యం తగ్గి తర్వాతి జంపు కూడా చెడిపోవడం ఈ లెక్కలో చేరలేదు.

దీని పక్కన ఇంకో లెక్క పెట్టండి. మొత్తం ఆటతీరుకు ఇచ్చే కాంపొనెంట్ మార్కులు మూడు: కాంపోజిషన్, ప్రెజెంటేషన్, స్కేటింగ్ స్కిల్స్. మహిళల్లో వాటిని షార్ట్‌లో 1.33తో, ఫ్రీలో 2.67తో గుణిస్తారు. ఈ మూడింటిలో తలా అర మార్కు పెరిగితే షార్ట్‌లో సుమారు 2, ఫ్రీలో సుమారు 4. మొత్తం ఆరు మార్కులు. ఒక్కసారి కూడా గాల్లోకి లేవకుండా, పడే భయం లేకుండా, క్వాడ్ లాభం కంటే ఎక్కువ. కవోరి సకమోతో 2022, 2023, 2024లలో మూడుసార్లు ప్రపంచ విజేత అయింది ఈ దారిలోనే. ఆమెకు క్వాడ్ లేదు, ట్రిపుల్ ఆక్సెల్ లేదు. రింకు ఈ చివర నుంచి ఆ చివరకు కొద్ది తోపుల్లోనే చేరే వేగం, ఆ వేగంలోనే వేసే డబుల్ ఆక్సెల్, అంతే. 2024 డిసెంబరులో జపాన్ జాతీయ పోటీల్లో షిమాడా ఆమె వెనకే రెండో స్థానంలో నిలిచింది.

ఆ రెండో స్థానాన్ని పట్టుకునే చాలామంది, సీనియర్లతో ఆడి నెగ్గుకొచ్చేసింది కదా, ఇంకా ఏం కొత్త అంటున్నారు. వాళ్ల మాటలో నిజముంది. జాతీయ పోటీల్లో ఆమె సీనియర్ నిడివితోనే ఆడింది. కానీ అది ఏడాదికి ఒక్కసారి, సొంత దేశంలో, తెలిసిన జనం ముందు. ఇప్పుడు అదే పనిని అక్టోబరు నుంచి మార్చి దాకా ఖండాలు మారుతూ ఐదారుసార్లు చేయాలి. జూనియర్ ఫ్రీ ప్రోగ్రామ్ మూడున్నర నిమిషాలు, సీనియర్‌ది నాలుగు నిమిషాలు. 2025-26 నిబంధనల్లో జంపుల అవకాశాలు రెండింట్లోనూ ఏడే. మరి ఆ అదనపు అర నిమిషం ఎక్కడికి పోతుంది? మలుపుల్లోకి, అడుగుల వరుసలోకి, జంపుకు ముందు చేసే అల్లికలోకి. మోకాళ్లు వంచి ఉంచే పని అదంతా.

అలిపిరి మెట్లెక్కేవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. 3,550 మెట్లలో గాలిగోపురం దాకా హుషారుగా పరిగెత్తిన కుర్రాళ్లు మోకాళ్ల మెట్టు దగ్గర కూర్చుండిపోతారు. మొదటి నుంచీ ఒకే అడుగు వేసిన పెద్దావిడ వాళ్లను దాటుకుని పోతుంది. స్కేటింగ్‌లో ఆ మోకాళ్ల మెట్టు చివరి మూడు జంపుల దగ్గరుంటుంది. పైగా 2025-26 నిబంధనల్లో ఫ్రీలో చివరి మూడు జంపులకే మూల విలువ పది శాతం పెరుగుతుంది. ట్రిపుల్ లట్జ్, వెంటనే ట్రిపుల్ టో లూప్ కలిపి వేసే కాంబినేషన్ మూల విలువ 10.10. దాన్ని అక్కడ పెడితే 11.11. మొదట్లో వేసే ఒంటరి క్వాడ్ మూల విలువ 9.50 కంటే ఇదే ఎక్కువ. అక్కడ కాళ్లలో సత్తువ మిగలాలంటే మొదటి నిమిషంలో ఎంత ఖర్చు పెట్టాలన్నది కోచ్ మియే హమాడా బృందం తేల్చుకోవాల్సిన అసలు ప్రశ్న.

అలసట జంపును ఎలా చెడగొడుతుందో చక్రాల మీద నేర్చుకునే పిల్లలు కూడా చూడొచ్చు. ముందుకు చూస్తూ లేచే ఒకే ఒక్క జంపు ఆక్సెల్, అందుకే ట్రిపుల్ ఆక్సెల్‌కు మూడున్నర చుట్లు. లేచే కాలు బయటి అంచు మీద లోతుగా వంగి, రెండో కాలు ముందుకు పైకి దూసుకెళ్లాలి. తొడలు అలిసిపోతే ఆ వంపు నిస్సారమవుతుంది. వంపు తగ్గితే ఎత్తు తగ్గుతుంది, ఎత్తు తగ్గితే గాల్లో ఉండే సమయం పోతుంది. దాన్ని పూడ్చుకోవడానికి భుజం ముందే తిరిగిపోతుంది. భుజం ముందే తిరిగితే శరీరం ఇరుసు పక్కకు వాలుతుంది. చూసేవాళ్లకు కనబడేది దిగడంలో తడబాటు, తప్పు మాత్రం అర సెకను ముందు మోకాలి దగ్గర మొదలైంది.

దిగడాన్ని చూసే పద్ధతి ఒకటి ఉంది. వీడియోను పావు వేగానికి తగ్గించి, బ్లేడు ముందు పళ్లు మంచును తాకిన మొదటి ఫ్రేమ్ దగ్గర ఆపండి. స్కేటర్ వెళ్తున్న దిశను వేలితో గీయండి. పాదం మునివేళ్లు ఆ దిశకు పూర్తిగా వెనక్కి చూస్తుంటే చుట్లన్నీ పూర్తయ్యాయి. పాదం అడ్డంగా తాకితే పావు చుట్టు తక్కువ. మునివేళ్లు వెళ్తున్న వైపే చూస్తుంటే అర చుట్టు పోయినట్టే. మిగిలింది మంచు మీదే తిప్పేస్తారు, అందుకే కాలి దగ్గర చిన్న తుంపర లేస్తుంది. మన రింకు మీద సుద్దముక్కతో ప్లస్ గుర్తు గీసి, దాని మీద సింగిల్ జంపు దింపించి చూస్తే పిల్లలకు ఇది ఒక్క పూటలో అర్థమవుతుంది. సరిగ్గా పావు తక్కువైతే స్కోరు షీటులో క్యూ అక్షరం పడుతుంది, మూల విలువ నిలుస్తుంది. పావు దాటితే బాణం మొన లాంటి గుర్తు ఒకటి, విలువ 80 శాతానికి దిగుతుంది. అర చుట్టు లేదా అంతకు మించి పోతే ఆ గుర్తు రెండు, జంపు ఒక మెట్టు కిందికి. ట్రిపుల్ ఆక్సెల్ 8.00 కాస్తా మొదటి దానిలో 6.40, రెండో దానిలో 3.30. పడకుండా చక్కగా దిగింది కదా, మార్కులెందుకు కోశారని గొడవపడే ముందు ఈ ఒక్క ఫ్రేమ్ చూడాలి.

చరిత్ర కూడా ఈ వాదన వైపే ఉంది. పోటీలో క్వాడ్ వేసిన మొదటి మహిళ మికి ఆందో. 2002 జూనియర్ గ్రాండ్ ప్రీ ఫైనల్‌లో 14 ఏళ్లప్పుడు నాలుగు చుట్ల సాల్కోవ్ వేసింది. 2006 ఒలింపిక్స్‌లో దాన్నే ప్రయత్నించి పడింది, 15వ స్థానంలో మిగిలింది. తర్వాత క్వాడ్ లేకుండానే 2007లో, 2011లో ప్రపంచ విజేత అయింది. అలీసా లియు 2019లో జూనియర్‌గా క్వాడ్ లట్జ్ వేసింది. 16 ఏళ్లకే ఆట వదిలేసి, రెండేళ్ల తర్వాత తిరిగొచ్చి, క్వాడ్ గానీ ట్రిపుల్ ఆక్సెల్ గానీ లేకుండానే 2025 ప్రపంచ టైటిల్ గెలిచింది. పదిహేనేళ్ల శరీరం ఇచ్చిన క్వాడ్‌ను పద్దెనిమిదేళ్ల శరీరం అంతే తేలిగ్గా ఇవ్వదు. ఎత్తు, భుజాల వెడల్పు కాస్త పెరిగినా తిరిగే వేగం తగ్గుతుంది. పాత కొలతకు అలవాటైన కండరాలకు కొత్త సమయం నేర్పాలి.

బూట్ల సంగతి మన రింకుల్లో అందరికీ తెలిసిందే. కొత్త బూటు చీలమండ దగ్గర బిగుసుకుని ఉన్నన్ని రోజులు మోకాలు పూర్తిగా వంగదు. బ్లేడు బిగింపు రెండు మూడు మిల్లీమీటర్లు పక్కకు జరిగినా లట్జ్ బయటి అంచు లోపలికి పడిపోతుంది. సీజన్ మధ్యలో ఒక పోటీ హఠాత్తుగా చెడితే, ఫామ్ పోయిందని తీర్పు చెప్పేయకుండా ఇలాంటివీ గుర్తుంచుకోవడం మంచిది.

మన వాళ్లూ ఈ కళలో గెలిచారు. హైదరాబాదు కుర్రాడు అనూప్ కుమార్ యామా 2010 గ్వాంగ్జౌ ఆసియా క్రీడల్లో ఆర్టిస్టిక్ రోలర్ స్కేటింగ్‌లో సింగిల్స్ కాంస్యం, అవనీ పంచాల్‌తో కలిసి జంటల కాంస్యం తెచ్చాడు. ఆ ఆటలో ఇప్పుడు వాడే రోలార్ట్ మార్కుల పద్ధతి కూడా మంచు స్కేటింగ్ మాదిరే మూల విలువ, నాణ్యత, కాంపొనెంట్లుగానే నడుస్తుంది. అంచు, వంపు, దిగుడు అక్కడా ఇక్కడా ఒకటే. షిమాడాను చూసి తిరుపతి పిల్ల ఏం నేర్చుకుంటుందన్నది అందుకే ముఖ్యం. క్వాడ్ ఒక్కటే గొప్ప అని పెద్దలు చెబితే, ఆ పిల్ల డబుల్ సరిగ్గా రాకుండానే ట్రిపుల్‌కు ఎగిరి సిమెంటు మీద మోకాలు పగలగొట్టుకుంటుంది.

ఇంతకీ ఏం కోరుకోవచ్చు? గ్రాండ్ ప్రీలో స్కేటర్‌కు గరిష్ఠంగా రెండు పోటీలు, మొదటి ఆరుగురికే ఫైనల్. ఆ రెండింట్లో షార్ట్‌లోనూ ఫ్రీలోనూ ట్రిపుల్ ఆక్సెల్ చుట్లు పూర్తిగా నిలిస్తే చాలు, ఫైనల్ చోటు అడగొచ్చు. క్వాడ్ పెట్టదలిస్తే డిసెంబరు జాతీయ పోటీల తర్వాత, శరీరం సీజన్‌కు కుదురుకున్నాక పెట్టడం మేలు. ప్రపంచ పోటీలకు జపాన్ పంపగలిగేది ముగ్గురినే. సకమోతో 2025-26తో తప్పుకుంటానని ముందే ప్రకటించింది కాబట్టి, ఆ చోట్ల కోసం జరిగే పోటీయే సగం ప్రపంచ పోటీ అంత గట్టిగా ఉంటుంది. అక్కడ నిలబడితే తొలి ఏడాదికి అదే పెద్ద పంట.

అమెరికా తూర్పు తీరంలో రాత్రి ఎనిమిదికి జరిగే పోటీ అక్టోబరులో మనకు తెల్లవారుజామున ఐదున్నరకు పడుతుంది, రింకుకు బయల్దేరే వేళకు. జపాన్‌లో సాయంత్రం ఏడుకు జరిగేది మనకు మధ్యాహ్నం మూడున్నర. ఏది చూసినా గడియారం మూడు నిమిషాల ముప్పై సెకన్లు దాటే చోట ఫోన్ కాస్త దగ్గరగా పెట్టుకోండి. జూనియర్‌గా ఉన్నప్పుడు ఆమె సంగీతం ఆగిపోయే క్షణం అదే. ఇప్పుడు అక్కడి నుంచి ఒక్కో తోపుకు ఆమె ఎంత దూరం జారుతోందో, మోకాలు మొదటి నిమిషంలో వంగినంతగా వంగుతోందో లేదో చూడండి.