చిన్న కారుకు పెద్ద టైర్లు: మైలేజీ ఎంత పోతోంది, ఎంత పోయినట్టు కనిపిస్తోంది?

స్విఫ్ట్ లాంటి కారు బేస్ వేరియంట్ కొన్నవాళ్లలో చాలామందికి ముందు కంటికి నచ్చనివి ఆ 14 అంగుళాల ఇనప రిమ్ములే. వాటిని తీయించి అలాయ్స్, వాటితో పాటు కాస్త లావు టైర్లు వేయిస్తారు. నెల తిరక్కముందే మైలేజీ పడిపోయిందన్న టెన్షన్ మొదలు. టైరు షాపులో ‘ఏమీ తగ్గదు సార్’ అంటారు, సర్వీస్ సెంటర్‌లో ‘టైర్ల వల్లే’ అంటారు. ఇద్దరిదీ సగం నిజమే. తగ్గిందనుకునే మైలేజీలో కొంత నిజంగానే కాలిపోయిన పెట్రోలు. మిగతాది మీటరు లెక్కలో వచ్చిన తేడా.

ముందు మీటరు సంగతి. టైరు పక్కన 185/65 ఆర్15 అని ఉంటే వెడల్పు 185 మిల్లీమీటర్లు, పక్క గోడ ఎత్తు అందులో 65 శాతం, రిమ్ము 15 అంగుళాలు. లెక్క కడితే టైరు మొత్తం ఎత్తు 621.5 మిల్లీమీటర్లు. ఇది స్విఫ్ట్ పై వేరియంట్ సైజు. బేస్ వేరియంట్‌కు వచ్చే 165/80 ఆర్14 ఎత్తు 619.6. తేడా రెండు మిల్లీమీటర్లే కాబట్టి ఒకే కారుకు కంపెనీ రెండు సైజులూ ఇవ్వగలుగుతోంది. కానీ ‘ఇంకొంచెం నిండుగా ఉంటుంది’ అని 195/65 ఆర్15 వేయిస్తే ఎత్తు 634.5కు పోతుంది, అంటే 2 శాతం పైనే ఎక్కువ. ఆ సంగతి కారుకు తెలియదు. అది పాత చక్రం లెక్కతోనే చుట్లు లెక్కపెడుతుంది. మీటరు 100 కిలోమీటర్లు చూపించేసరికి మీరు 102 దాటి ఉంటారు. ట్యాంక్ ఫుల్ చేయించి లెక్కేస్తే లీటరుకు 18 వచ్చిందంటే, అసలు వచ్చింది 18.4 అన్నమాట.

చిన్న టైరు వేస్తే తిరగబడుతుంది. 165/80 ఆర్14 తీసి 165/70 ఆర్14 వేస్తే లీటరుకు 20 ఇచ్చే కారు కాగితం మీద 21 ఇస్తుంది. పెట్రోలు చుక్క కూడా మిగలదు. పైగా అదే వేగానికి ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, సర్వీసు ముందే వస్తుంది, అమ్మేటప్పుడు కారు తిరగని కిలోమీటర్లు కూడా మీటరులో కనిపిస్తాయి.

ఇక నిజంగా పోయే పెట్రోలు. టైరు తిరిగే ప్రతిసారీ రోడ్డును తాకిన చోట నలిగి మళ్లీ సాగుతుంది. ఆ నలుగుడుకు రబ్బరు వేడెక్కుతుంది, ఆ వేడి వచ్చేది మన ట్యాంకులోంచే. ఇదే రోలింగ్ రెసిస్టెన్స్. ఇది 10 శాతం తగ్గితే ఇంధనం 1 నుంచి 2 శాతం ఆదా అవుతుందని అమెరికా నేషనల్ రీసెర్చ్ కౌన్సిల్ 2006 నివేదికలో తేల్చింది. గట్టి పట్టు కోసం చేసిన మెత్తటి రబ్బరు దీన్ని పెంచుతుంది. లావు టైరుకు హైవే మీద గాలి తాకిడి కూడా ఎక్కువ. కార్ అండ్ డ్రైవర్ పత్రిక 2010లో ఒకే ఫోక్స్‌వ్యాగన్ గోల్ఫ్‌కు 15 నుంచి 19 అంగుళాల దాకా చక్రాలు మార్చి చూస్తే మైలేజీ దాదాపు 10 శాతం పడిపోయింది. అంగుళాలతో పాటు వెడల్పూ బరువూ పెరిగాయి కాబట్టి తప్పు దేనిదో విడదీయడం కష్టం. 2023 టొయోటా ప్రియస్‌లో వెడల్పు మారలేదు, 17, 19 అంగుళాల చక్రాలు రెండింటికీ 195 టైర్లే. అయినా అమెరికా అధికారిక లెక్కల్లో 17 అంగుళాల వేరియంట్‌కు గ్యాలనుకు 57 మైళ్లు, 19 అంగుళాలకు 52. పై వేరియంట్లలో అదనపు సరంజామా ఉంటుంది, ఈ తేడాలో దాని వాటా కూడా ఉంది.

అలాగని అంగుళాలే శత్రువు కావు. ఛార్జింగ్ ఆదా కోసమే తపించిన ఎలక్ట్రిక్ కారు బీఎండబ్ల్యూ ఐ3కి ఇచ్చినవి 19 అంగుళాల చక్రాలు, కానీ వెడల్పు 155 మాత్రమే. ఎత్తుగా, సన్నగా ఉన్న టైరు తేలిగ్గా దొర్లుతుంది. మనవాళ్లు చేసేది దీనికి సరిగ్గా వ్యతిరేకం.

బరువును మాత్రం అనవసరంగా ఆడిపోసుకుంటారు. చక్రానికి 4 కిలోలు పెరిగినా నాలుగింటికీ 16 కిలోలు. తిరిగే బరువు కాబట్టి వేగం అందుకునేటప్పుడు మహా అయితే రెట్టింపుగా, 32 కిలోలుగా పని చేస్తుంది. వెనక సీట్లో ఒక పిల్లాడు కూర్చున్నట్టే. అమీర్‌పేట ట్రాఫిక్‌లో ఆగి ఆగి వెళ్తే కాస్త తెలుస్తుంది, ఔటర్ మీద నిలకడగా పోతే దాదాపు తెలియదు. ఎత్తు టైరుతో పికప్ మందగించి, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు గేరు దించాల్సి రావడమే 1.2 లీటర్ల ఇంజన్‌కు ఎక్కువ ఇబ్బంది.

డబ్బు లెక్క చూద్దాం. ఏడాదికి 12,000 కిలోమీటర్లు, లీటరుకు 20 అనుకుంటే 600 లీటర్లు. మైలేజీ 5 శాతం తగ్గితే ఇంకో 30 లీటర్ల పైచిలుకు. పెట్రోలు లీటరు రూ.107 అనుకుంటే ఏడాదికి రూ.3,400 దాకా. అలాయ్స్‌కు పెట్టే డబ్బు ముందు ఇది చిన్నదే. అందుకే అందం కోసం మార్చుకునేవాళ్లను నేను తప్పుపట్టను. అదే కారు పై వేరియంట్‌కు కంపెనీ ఇచ్చే సైజు దాటొద్దని మాత్రం అంటాను. నా మటుకు నాకు 165 టైరు మీదే కారు ఉంచడం ఇష్టం. గుంతల రోడ్ల మీద ఆ మందపాటి పక్క గోడ రిమ్మును కూడా కాపాడుతుంది.

మార్చినవాళ్లు మైలేజీ తేల్చే ముందు హైవే మీద ఓ 50 కిలోమీటర్లు ఫోన్‌లో జీపీఎస్ పెట్టుకుని నడపాలి. జీపీఎస్ దూరాన్ని మీటరు దూరంతో భాగించి, వచ్చిన అంకెతో ట్యాంకు లెక్కను గుణించాలి. దానికి ముందు డ్రైవర్ డోరు దగ్గర స్టిక్కర్ మీద ఉన్నంత గాలి నాలుగు టైర్లలోనూ ఉందో లేదో చూసుకోవాలి. గాలి తక్కువైతే రోలింగ్ రెసిస్టెన్స్ దానంతటదే పెరుగుతుంది, ఆ నింద కూడా కొత్త టైర్ల మీదే పడుతుంది.