డి విటమిన్ అంకె చూస్తున్నారు, కాల్షియం సంగతి?

డి విటమిన్ తక్కువగా ఉందని రిపోర్టు వస్తే వారానికొక 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ రాయడం నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో మామూలైపోయింది. నిజంగా లోపం ఉన్నవారికి ఎనిమిది వారాలు ఇస్తే అది సరైన వైద్యమే. నా ఆందోళనంతా ఆ తర్వాత జరిగేదాని గురించే. వారానికొకటి అన్న మాట చీటీలో ఇంగ్లిషులో ఉంటుంది. చదవలేని మనిషి రోజుకొకటి చొప్పున పాలలో కలుపుకుని తాగితే నెలకు 18 లక్షల యూనిట్లు ఒంట్లోకి పోతాయి. పెద్దవారికి రోజుకు 600 యూనిట్లు చాలని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020లో చెప్పింది. అంటే ఎనిమిదేళ్లకు పైగా సరిపోయే విటమిన్ ముప్పై రోజుల్లో మింగినట్టు!

ఇంత డి విటమిన్ ఒంట్లో విషమవుతుంది. పాలమూరు ఎండలో రోజంతా కూలి చేసినా మాత్రం ఈ విషం ఎక్కదు. అవసరానికి మించి తయారైనదాన్ని చర్మమే పనికిరాని పదార్థాలుగా మార్చేస్తుంది. నోటితో తీసుకున్నదానికి, సూదిమందుగా ఎక్కించినదానికి అలాంటి అడ్డు లేదు. అదంతా కాలేయానికి చేరి 25-హైడ్రాక్సీ విటమిన్ డిగా మారుతుంది. రక్తంలో ఇది సగానికి తగ్గడానికి రెండు మూడు వారాలు పడుతుంది కాబట్టే శరీరంలోని నిల్వను తెలుసుకోవడానికి దీన్నే కొలుస్తారు.

మూత్రపిండాలు దాన్ని 1,25-డైహైడ్రాక్సీ రూపంలోకి మారుస్తాయి. తిండిలోని కాల్షియాన్ని ఒంటికి పట్టించే అసలు పని చేసేది ఇదే కదా, దీన్నే కొలిస్తే సరిపోదా అని కొందరికి అనిపిస్తుంది. సరిపోదు. రక్తంలో కాల్షియాన్ని సరిచూసే పారాథైరాయిడ్ హార్మోన్ దీన్ని గట్టిగా అదుపులో ఉంచుతుంది. లోపం ఉన్నప్పుడు కూడా ఇది మామూలుగానో, ఎక్కువగానో కనిపించవచ్చు. విటమిన్ మితిమీరినప్పుడూ చాలాసార్లు మామూలుగానే ఉంటుంది. క్షయ వంటి జబ్బుల్లో మాత్రం దీన్ని కొలవాల్సిన అవసరం పడుతుంది. అక్కడ రోగనిరోధక కణాలే దీన్ని తయారుచేసి, నిల్వ తక్కువగా ఉన్నా కాల్షియాన్ని పెంచేయగలవు. క్షయ రోగికి అలవాటుగా పెద్ద డోసు రాసేముందు ఇది గుర్తుకు రావాలి.

25-హైడ్రాక్సీ విలువ మిల్లీలీటరుకు 150 నానోగ్రాములు దాటితే ప్రమాదమంటారు. కానీ మనిషిని పడగొట్టేది ఆ అంకె కాదు, దాని వెంట పెరిగే కాల్షియం. ఆకలి చచ్చిపోతుంది, వాంతులు, మలబద్ధకం, ఎంత తాగినా తీరని దాహం, పదేపదే మూత్రం, మగత. ముసలివారిలో ఇవి వస్తే వయసు మీదికి నెట్టేస్తారు. ఈలోగా మూత్రపిండాలు దెబ్బతింటాయి. విటమిన్ కొవ్వులో దాగి ఉండటం వల్ల మందు ఆపేశాక కూడా వారాలు, ఒక్కోసారి నెలల పాటు బాధ పోదు.

అసలు ఎంతకు తగ్గితే లోపమన్నదీ తేలిన విషయం కాదు. అమెరికా ఎండోక్రైన్ సొసైటీ 2011లో 30 నానోగ్రాములు ఉండాలంది. 2024లో ఆ గీతను తనే వదులుకుని, ఆరోగ్యవంతులకు ఊరికే ఈ పరీక్ష వద్దని చెప్పింది. అదే 2011లో అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ 20 చాలంది. 24 వచ్చిన మనిషికి అప్పట్లో ఒకరి లెక్కలో విటమిన్ చాలదు, మరొకరి లెక్కలో చాలు. పైగా పరీక్ష పద్ధతి మారితే ఒకే రక్తానికి వేర్వేరు అంకెలు వస్తాయి.

మన దగ్గర దీనికి ఇంకో చిక్కు తోడైంది. మర్రిగూడ, మునుగోడు వైపు దశాబ్దాలపాటు ఫ్లోరైడ్ బోరు నీళ్లు తాగిన వారి నడుం, కీళ్లు పట్టేస్తాయి. నేడు మిషన్ భగీరథ నీళ్లు వస్తున్నా, ఎముకలో చేరిన ఫ్లోరైడ్ ఏళ్ల తరబడి అక్కడే ఉంటుంది. వీరిలోనూ డి విటమిన్ లోపం ఉండవచ్చు, ఉంటే తీర్చాల్సిందే. కాల్షియం, డి విటమిన్ కొరవడితే ఫ్లోరైడ్ తెచ్చే ఈ జబ్బు, ఫ్లోరోసిస్, మరింత ముదురుతుంది. కానీ నొప్పి తగ్గలేదని ప్యాకెట్లు పెంచుకుంటూ పోవడం దారుణం. మూత్రంలో ఫ్లోరైడ్ చూడాలి, ముంజేతికి ఎక్స్‌రే తీయాలి. రెండు ఎముకల నడుమ పొరలో సున్నం పేరుకుని ఉంటే కారణం అక్కడే దొరుకుతుంది.

మందుల దుకాణంలో ప్యాకెట్ల కవరు మీద 'ఆదివారం ఒక్కటే' అని తెలుగులో రాసివ్వడానికి పైసా ఖర్చు కాదు. రెండో కోర్సు మొదలుపెట్టేముందు కాల్షియం పరీక్షను, మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్ పరీక్షను జిల్లా ఆస్పత్రులు తప్పనిసరి చేయాలి. డి విటమిన్ పరీక్షతో పోలిస్తే ఆ రెండూ చాలా చవక.