సిలువ కాన్‌స్టాంటైన్ పెట్టిన గుర్తా?

ఈస్టరుకు ముందు వచ్చే నలభై దినాల శ్రమకాలం (లెంటు) వస్తే చాలు, వాట్సాప్‌లో ఆ మెసేజ్ మళ్లీ తిరుగుతుంది. తొలి క్రైస్తవులకు సిలువ తెలియదట, 4వ శతాబ్దంలో రోమా చక్రవర్తి కాన్‌స్టాంటైన్ అంటగట్టాడట. అది బబులోను దేవుడు తమ్ముజు గుర్తట. లెంటు బైబిల్లో లేదట. చివర్లో ఒక ప్రశ్న: మీ అన్నను కత్తితో చంపితే ఆ కత్తిని మెడలో వేసుకుంటారా? విశ్వాసులే దీన్ని ఫార్వర్డ్ చేస్తుంటే ఊరుకోబుద్ధి కావడం లేదు.

కాన్‌స్టాంటైన్ క్రైస్తవం వైపు తిరగడానికి కారణమని చెప్పే మిల్వియన్ వంతెన యుద్ధంలో ఆయన గెలిచింది 312లో. రోములో పాలటైన్ కొండ మీద 1857లో బయటపడిన ఒక గోడగీత అంతకన్నా పాతదని, సుమారు 200 నాటిదని ఎక్కువమంది పండితుల లెక్క. గచ్చు మీద గీకిన బొమ్మ అది. సిలువ మీద గాడిద తల మనిషి, పక్కన చెయ్యెత్తి నిలబడ్డ ఒకడు, కింద గ్రీకులో ‘అలెక్సమెనోస్ తన దేవుణ్ణి కొలుస్తున్నాడు’ అని రాత. ఎవరో ఎగతాళికి గీశారు. క్రైస్తవుణ్ణి వెక్కిరించాలన్నా సిలువే గుర్తొచ్చిన కాలమది! ఆ రోజుల్లోనే ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత, చెప్పులు తొడుక్కునేటప్పుడు, భోజనానికి కూర్చునేటప్పుడు, దీపం వెలిగించేటప్పుడు నుదుటి మీద సిలువ గుర్తు వేసుకుంటామని రాశాడు. పౌలు సంగతి చెప్పనే అక్కర్లేదు, సిలువలో తప్ప మరి దేనిలోనూ అతిశయించనన్నాడు, గలతీ 6:14 తీసి చూడండి. సిలువ బొమ్మలు అప్పట్లో అరుదన్న మాట మాత్రం ఒప్పుకోవాల్సిందే.

తమ్ముజు కోసం స్త్రీలు ఏడ్చారని యెహెజ్కేలు 8:14లో ఉంది. సిలువ ఊసు అక్కడ లేదు. తమ్ముజు పేరులో మొదటి అక్షరం సిలువలా కనిపించే ఇంగ్లీషు ‘టీ’ అని వాదిస్తారు. బబులోనువాళ్లు మట్టిపలకల మీద రాసిన లిపిలో ఆ అక్షరమే లేదు.

లెంటు పేరు బైబిల్లో లేదు, నిజమే. యేసు నలభై దినాలు ఉపవాసమున్నది మాత్రం మత్తయి 4లో ఉంది. 325లో సంఘ బిషపులు కూడిన నైసియా సభ తన 5వ నియమంలో ఈ నలభై దినాలను అందరికీ తెలిసినదిగానే ప్రస్తావించింది.

ఇక కత్తి ప్రశ్న. నన్ను బాగా బాధపెట్టేది ఇదే. అన్న ప్రాణాన్ని హంతకుడు లాక్కున్నాడు. యేసు మాత్రం తన ప్రాణాన్ని ఎవరూ తీసుకోలేదని, తనంతట తానే పెడుతున్నానని చెప్పాడు (యోహాను 10:18). పైగా ఆయన మూడో దినాన లేచాడు. రోమన్లు సిలువను దాసులకూ తిరుగుబాటుదారులకూ ఉంచారు. క్రీ.పూ. 71లో స్పార్టకస్ నడిపిన దాసుల తిరుగుబాటు అణిచాక సుమారు 6,000 మందిని రోముకు వెళ్లే అప్పియన్ దారి వెంట సిలువల మీద వేలాడదీశారు, దారినపోయేవాళ్లు చూసి భయపడాలని. అంత అవమానకరమైన చావును దేవుని కుమారుడు మన కోసం ఒప్పుకున్నాడంటే దాన్ని దాచుకుంటామా?

మెడలో వేసుకోవడం, మానడం ఎవరిష్టం వారిది. యేసు అడిగింది ప్రతిదినం సిలువ ఎత్తుకొమ్మని (లూకా 9:23). శ్రమకాలంలో ఒక పూట మానుకున్న అన్నం పేదవాడి ఇంటికి చేరడం, ఏళ్లుగా మాటల్లేని తమ్ముడి గుమ్మం ముందుగా మనమే తొక్కడం అందులోకే వస్తాయి.